తొట్టిలో మగదిక్కు

ఇదివరకు ఆ ఇంట్లో తెల్లవారగానే ముందు స్టవ్ వెలిగేది, ఆ తర్వాతే చేపల తొట్టి లైటు. ఆమె టీ పెట్టి తెచ్చి చేతికిస్తే, ఆయన ముందు గదిలో పీట లాక్కుని గాజు తొట్టి ముందు కూర్చుని, టీ చల్లారిపోయేదాకా చేపల్నే చూస్తుండేవాడు. మళ్ళీ వెచ్చబెట్టమంటే నా వల్ల కాదని ఆమె లోపల్నుంచి రోజూ అనేది. రోజూ మళ్ళీ వెచ్చబెట్టేది. ఇప్పుడు ఆ వరస తిరగబడింది. లేవగానే ముఖమైనా కడుక్కోకుండా ఆమె తొట్టి దగ్గరికి వెళ్తుంది. ఆవిరైపోయిన మేరకు, గాజు మీద ఆయన గీసిన గీత దాకా మంచినీళ్ళు పోస్తుంది. అంచుల వెంట తెల్లగా పేరుకున్న ఉప్పును తడిబట్టతో తుడుస్తుంది. మూతగా బిగించిన వలను చుట్టూ తడిమి చూస్తుంది. స్టవ్ సంగతి ఆ తర్వాత. ఒక్కోరోజు ఒక్క మనిషికి టీ ఏమిటిలే అనుకుని, చేతిలోకి తీసుకున్న గిన్నెను మళ్ళీ బోర్లించేస్తుంది.

ఆయన ఫ్రిజ్జులు బాగుచేసేవాడు. ఆ భవనంలో అన్ని అంతస్తుల వాళ్ళకీ ఆయన ఫ్రిజ్జులాయన, ఆమె ఫ్రిజ్జులావిడ. అసలు పేర్లతో ఎవరికీ పని పడలేదు. ఆమె చదువు చిన్న తరగతుల్లోనే ఆగింది. ఇంట్లో తమ్ముళ్ళని ఎత్తుకునే మనిషి కావలసి వచ్చి ఆగింది, అంతే. దానికి ఎవరూ బాధపడలేదు, ఆమె కూడా. పెళ్ళయ్యాక వంటగది ఆమెదీ ముందు గది ఆయనదీ అయ్యాయి. పిల్లలు కలగలేదు. కొన్నేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగారు. తర్వాత, ఇక చాలని ఒకరికొకరు చెప్పుకోకుండానే తిరగడం మానేశారు.

ఒకనాడు మూతపడిన ఆఫీసులో ఏసీలు విప్పడానికి వెళ్ళినవాడు, వస్తూ వస్తూ ఈ గాజు తొట్టిని మనుషుల చేత మోయించుకొచ్చాడు. మెట్ల మలుపులో అది ఇరుక్కుని అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది. ఊరికే ఇస్తున్నారని తెచ్చాడు గానీ, దాని వెంట ఉప్పు సంచులు, పంపులు, లైట్లు, సముద్రపు రాళ్ళు ఒక్కొక్కటే ఇల్లు చేరాయి. నీళ్ళు వేడెక్కకుండా పాత వాటర్ కూలర్‌లోంచి మోటారు విప్పి తనే అమర్చాడు. పగలంతా జనం ఇళ్ళలో కూరగాయలు చల్లబెట్టి, ఇంటికొచ్చి చేపల్ని చల్లబెడుతున్నాడని ఆయన అక్క ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు. ఆ గదిలో రేయింబవళ్ళు మోటారు సన్నగా రొద పెడుతుంటుంది. మొదట్లో ఆ చప్పుడుకి ఆమెకి నిద్ర పట్టేది కాదు, ఆ తర్వాత కరెంటు పోయి అది ఆగితే మెలకువ వచ్చేది.

తొట్టిలో నాలుగే చేపలు. రాస్ అనే సముద్రపు జాతివట. ఒకటి మగది, మిగతావి ఆడవి. మగది బెత్తెడు పొడుగుండేది. ఎర్రటి ఒళ్ళు, వీపు మీది రెక్క నీలం, పొట్ట కింద తెలుపు. ఆడవాటికి లేత నారింజ రంగు తప్ప ఏ అలంకారమూ లేదు, తోక మొదట్లో చిన్న నల్లచుక్క ఒక్కటే. మగదానికి ఆయన పెళ్ళికొడుకని పేరు పెట్టాడు. ఆడవాటిలో పెద్దది పెద్దావిడ, దాని తర్వాతది చిన్నావిడ. అన్నిటికన్నా చిన్నదానికి పేరు పెట్టలేదు, ఎప్పుడూ రాళ్ళ చాటునే ఉండేది కాబట్టి.

"ఒక్కడు ముగ్గుర్ని ఏలుతున్నాడు చూడు. నేనేమో ఒక్కదాన్ని ఏలలేక చస్తున్నాను" అనేవాడు.

"ఏలింది చాల్లే, ముందు చెత్త డబ్బా కింద పెట్టి రా" అనేది ఆమె.

చీకటి పడ్డాక అవి రాళ్ళ సందుల్లో దూరి, నోట్లోంచి వచ్చిన జిగురుతో ఒంటిచుట్టూ పలచటి తెర కట్టుకుని నిద్రపోయేవి. వాటి దోమతెర అవే కట్టుకుంటున్నాయి, మనింట్లో మాత్రం రోజూ నేనే కట్టాలి అని ఆయన సణిగేవాడు.

పెద్దావిడ మాత్రం ఆయన మనిషి. గడ్డకట్టిన రొయ్య తునకలు కరిగించి నీళ్ళలో వేస్తే అన్నీ తినేవి గానీ, వేలి చివర పెట్టి లోపల ముంచితే వచ్చి తినేది అదొక్కటే. అదీ ఆయన వేలి మీదే. ఆమె పెడితే దూరం నుంచి చూసి పక్కకి తిరిగేది. ఆయన సాయంత్రం పని నుంచి వచ్చే వేళకి, వీధి తలుపు వైపున్న గాజు మూలకి చేరి అక్కడే ముందుకీ వెనక్కీ ఈదుతూ ఉండేది. నీ సవతి ఎదురు చూస్తోందని ఆమె తలుపు తీస్తూనే చెప్పేది. ఆయన ముసిముసిగా నవ్వుతూ, చెప్పులు విడవక ముందే చేయి కడుక్కోవడానికి వెళ్ళేవాడు.

ఒక మధ్యాహ్నం ఆయన ఎవరింట్లోనో ఫ్రిజ్ వెనక కూర్చుని పనిచేస్తూ, మంచినీళ్ళు అడిగి, అవి వచ్చేలోపే పక్కకి ఒరిగిపోయాడు. ఆమెకి కబురు వచ్చేసరికి అంతా అయిపోయింది.

ఆ తర్వాత ఇంటికి వచ్చిన వాళ్ళందరి నోటా ఒకటే మాట, మగదిక్కు లేని ఇల్లయిపోయిందని. ఆడపడుచు ఆ మాట అనకుండా లోపలికి రాలేదు, అనకుండా బయటికి పోలేదు. మరిది అన్న పనిముట్ల సంచి సర్దుకుని, బండి తాళాలు తీసుకుని, చివరికి తొట్టి ముందు నిలబడ్డాడు. వదినా, ఇది నీ వల్లయ్యే పని కాదు, చేపల కొట్టాయనకి చెప్తే వచ్చి తీసుకుపోతాడన్నాడు. ఆమె ఊఁ అంది. కొట్టాయనకి మాత్రం చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన పోయిన మర్నాడు, ఇల్లంతా జనం మూగి ఉండగా, సాయంత్రం ఆమె కళ్ళు తొట్టి మీద పడ్డాయి. పెద్దావిడ తలుపు వైపు మూలకి వచ్చి ఉంది. ఆ మర్నాడూ వచ్చింది. జనం పలచబడి, ఆడపడుచు కూడా తన ఇంటికి వెళ్ళిపోయాక, ఆ వేళకి ఆమె పీట లాక్కుని అక్కడే కూర్చోవడం మొదలుపెట్టింది. అది తలుపు వైపు చూస్తుండేది, ఆమె దాన్ని చూస్తుండేది. ఈ లోకంలో ఆయన ఇంకా ఇంటికొస్తాడనుకుంటున్న ప్రాణి అదొక్కటే. అది బతికి, ఆ మూలకి వచ్చినన్నాళ్ళు తనూ ఏదోలా లేచి తిరగగలననిపించింది. అంతకు మించి ఆమె ఏమీ కోరుకోలేదు.

ముందు పోయింది పెళ్ళికొడుకు. పరామర్శకి వచ్చినవాళ్ళలో ఎవరో చేపల్ని దగ్గర్నుంచి చూద్దామని వల పక్కకి జరిపి అలాగే వదిలేశారు. ఆ జాతి చేపలు బెదిరితే పైకి ఎగురుతాయి. రెండు రోజుల తర్వాత ఊడుస్తుంటే తొట్టి బల్ల వెనక చీపురుకి తగిలింది, ఎండిన ఆకులా గట్టిపడి. రంగు ఆనవాలైనా లేదు. ఆమె దాన్ని కాగితంలో చుట్టి కింద మట్టిలో పెట్టి వచ్చింది. మరిదికి చెప్తే మళ్ళీ తొట్టి తీసేయమంటాడని నోరు మెదపలేదు.

అప్పట్నుంచి పెద్దావిడ వాలకం మారింది. సాయంత్రం మూలకి రావడం తగ్గించింది. వచ్చినా కాలు నిలవని మనిషిలా ఒక్క చుట్టు చుట్టి వెళ్ళిపోయేది. ఎన్నడూ లేనిది, మిగతా రెండింటినీ తరమడం పట్టుకుంది. వీపు మీది రెక్క నిక్కబొడుచుకుని వాటి ముందు ఊరికే ఊగేది. కొన్నాళ్ళకి ఒళ్ళు కమిలినట్టు ముదురెక్కింది. రెక్క అంచుల్లో నీలం మరకలు లేచాయి. తోక దగ్గరి నల్లచుక్క చెదిరి మాసిపోయింది.

తోడు పోయిన దిగులుతో దానికి ఏదో రోగం పట్టుకుందనుకుంది ఆమె. మనుషులకీ అలాగే కదా, లోపలి దిగులు ఒంటి మీదికి వచ్చేది. చేపకి బాగాలేకపోతే ఆయన ఏంచేసేవాడో ఆమెకి తెలుసు. విడిగా పెద్ద ప్లాస్టిక్ టబ్బులో ఉప్పునీళ్ళు కలిపి, గాలి గొట్టం వేసి, నీలం మందు చుక్కలు వేసి అందులో ఉంచేవాడు. ఆమె అన్నీ అలాగే చేసింది. పెద్దావిడని పట్టేసరికి మోచేతుల దాకా రాళ్ళు గీసుకున్నాయి. ఉప్పునీళ్ళు తగిలి ఆ గీతలు భగ్గుమంటుంటే, టబ్బును వంటగదిలో గట్టు కింద పెట్టుకుంది, కళ్ళ ముందుంటుందని.

టబ్బులో అది దాక్కోవడానికి వేసిన పైపు ముక్కలోంచి బయటికే వచ్చేది కాదు. తిండి ముట్టలేదు. వేలి మీద పెట్టినా, ఆయన వాడే సబ్బుతోనే చేయి కడుక్కుని పెట్టినా ముట్టలేదు. అయినా నాలుగు రోజులకి ఆ నీలం మరకలు వెలిసిపోయి, ఒళ్ళు మళ్ళీ పాలిపోయిన నారింజ రంగుకి తిరిగింది. మందు పనిచేసిందని ఆమె పొంగిపోయింది. ఆయన పోయాక ఒక సంగతికి సంతోషపడటం అదే మొదలు. ఆ పూట టీ పెట్టుకుంది కూడా. పూర్తిగా నయమయ్యేదాకా ఉండనిద్దామని మరికొన్నాళ్ళు టబ్బులోనే ఉంచి, రోజూ నీళ్ళు మార్చి మందు వేసింది.

అంతలో పెద్ద తొట్టిలో చిన్నావిడకి అవే మరకలు కనిపించాయి. అదే నిక్కబొడిచిన రెక్క, అదే తరమడం. రోగం అంటుకుందనుకుని ఆమె తలుపు తాళం వేసుకుని, ఎప్పుడూ ఒంటరిగా వెళ్ళని చేపల కొట్టుకి వెళ్ళింది.

కొట్టాయన ఆమెని చూడగానే లేచి స్టూలు వేశాడు. పోయినాయన గురించి రెండు మంచిమాటలు చెప్పాడు. ఆమె అవి వినే తీరికలో లేదు. రోగం ఎలా మొదలైందో, మందు ఎంత వేసిందో, ఇప్పుడు రెండోదానికి ఎలా అంటుకుందో అన్నీ వరసగా చెప్పింది. పెళ్ళికొడుకు సంగతి వచ్చేసరికి కొట్టాయన చేయెత్తి ఆపాడు.

"మగది పోయిందా? అయితే ఇది రోగం కాదమ్మా. అది మగదవుతోంది."

ఆమె వినపడనట్టు చూసింది.

"ఈ రకంలో అంతే. మగది పోతే ఆడవాటిలో పెద్దది మగదైపోతుంది. ముందు బుద్ధి మారుతుంది, తర్వాత రంగు, ఆ తర్వాత లోపల కూడా. కొన్ని వారాలు పడుతుంది. మీరు పెద్దదాన్ని బయటికి తీశారు కదా, ఆ చోటు ఖాళీ అయింది. దాని తర్వాతది మొదలుపెట్టింది."

"రంగు తగ్గిందండీ. మందుకి తగ్గింది."

"భయానికి తగ్గిందమ్మా. మందుకి కాదు. ఆ మందు అన్నాళ్ళు వేస్తే ఉన్న సత్తువ పోతుంది." ఆ మాట అన్నాక తనే నొచ్చుకున్నట్టు గొంతు తగ్గించాడు. "మీ ఆయనకి ఇదంతా తెలుసు. మీతో ఎప్పుడూ అనలేదా?"

అని ఉంటాడేమో. ఆ పీట మీద కూర్చుని ఆయన చెప్పే సంగతులకి ఆమె వంటగదిలోంచి ఊఁ కొడుతూ ఉండేది. సగం మాటలు మోటారు రొదలోనే పోయేవి.

"మళ్ళీ ఆడది అవదా?" అని అడిగింది.

"నేనైతే చూడలేదమ్మా."

ఆమె కాసేపు కొట్టులో వరసగా పేర్చిన తొట్ల వైపు చూసింది. ఆపైన, అడగాలా వద్దా అన్నట్టు అడిగింది. "మారాక మనిషి గుర్తుంటాడా దానికి?"

కొట్టాయనకి ప్రశ్న అర్థం కాలేదు. "ఆకలేస్తే ఎవరి చేతి దగ్గరికైనా వస్తుందమ్మా" అన్నాడు.

ఆమె వెళ్ళేముందు ఒక జాగ్రత్త చెప్పాడు. అంత చిన్న తొట్టిలో రెండు మగవి బతకవు. రెండింట్లో ఏదో ఒకటి తనకి తెచ్చిస్తే ఇంకొకరికి ఇస్తానన్నాడు. ముందు ఒకదాన్ని తీశాకే రెండోది వదలమన్నాడు.

ఏది ఉంచాలో ఆమెకి ఆలోచించే పని లేదు. చిన్నావిడని పట్టి ఇచ్చెయ్యాలి. ఇంటికి రాగానే చేపలు పట్టే చిన్న వల చేతబట్టుకుంది. కానీ పెద్దావిడ పట్టుబడటం చూసిందో ఏమో, చిన్నావిడ వల నీడ పడగానే పెద్ద రాళ్ళ కిందికి దూరిపోయింది. ఆ రాళ్ళు ఎత్తడం ఆడమనిషి ఒక్కదాని వల్లయ్యేది కాదు. మరిదికి ఫోన్ చేసింది. ఆయన విసుక్కోలేదు గానీ, ఆదివారం దాకా కుదరదన్నాడు. అక్కని కూడా తీసుకొస్తాను, తొట్టి సంగతి ఆరోజే ఏదో ఒకటి తేల్చేద్దామన్నాడు.

ఆదివారం ఇంకా దూరం. టబ్బులో పెద్దావిడ పైపు ముక్కలో పక్కకి ఒరిగి పడుకుంటోంది. పొట్ట లోపలికి పీక్కుపోయింది. ఇవాళో రేపో అన్నట్టుంది. టబ్బులో ఉంచితే తిండి లేక పోతుంది, తొట్టిలో వేస్తే దెబ్బలాటలో పోవచ్చు. తన చోటికి తను వెళ్తే నాలుగు మెతుకులు ముడుతుందేమోననీ, చిన్నావిడ ఎన్నాళ్ళు దానికి లొంగి బతకలేదు గనక ఇప్పుడు మాత్రం ఎందుకు ఎదురు తిరుగుతుందనీ తనకి తనే నచ్చజెప్పుకుంది. తిరుగుతుందని తెలుసు. కొట్టాయన చెప్పింది చెవిలో ఇంకా అలాగే ఉంది. అయినా టబ్బు ముందు కూర్చుని ఊరికే చూడటం కన్నా చేతులతో ఏదో ఒకటి చెయ్యడమే ఆమెకి తేలికనిపించింది.

సాయంత్రం, ఆయన వచ్చే వేళకి, గిన్నెలో పెట్టి తొట్టిలోకి వదిలింది.

పెద్దావిడ కాసేపు ఎటూ కదల్లేదు. ఆపైన మెల్లగా, నీళ్ళే మోసుకుపోతున్నట్టు, తలుపు వైపు మూలకి వెళ్ళింది. గాజుకి మూతి ఆనించి ఆగింది. ఆమె వేలి చివర రొయ్య తునక పెట్టి నీళ్ళలో ముంచింది. అది తిరిగి చూసింది, దగ్గరికి వచ్చింది. వేలికి అంగుళం దూరంలో ఆగింది.

ఇంతలో రాళ్ళ కిందనుంచి చిన్నావిడ బాణంలా వచ్చింది. రెక్కలన్నీ విప్పి, ఒళ్ళంతా ఎర్రబారి, పెద్దావిడ పక్క డొక్కలో మూతితో పొడిచింది. తునక వేలి మీద నుంచి జారి కిందికి పోయింది. ఆమె వల తీసేలోపు రెండూ తొట్టి ఆ చివర, ఈ చివర. నీళ్ళలో చేతులు పెట్టి అడ్డు తిప్పింది, గాజు మీద అరచేత్తో కొట్టింది, చివరికి లైటు ఆర్పేసింది. మళ్ళీ వెలిగించేసరికి చిన్నావిడ ఒక్కటే నడిమధ్యలో నిలబడి ఉంది. పెద్దావిడ రెక్క చీలికలై, వెనక పంపు పక్కన తల కిందికి వేసి నక్కి ఉంది.

మరునాడంతా అది అక్కడే ఉంది. బయటికి తల పెడితే చిన్నావిడ వచ్చేది. ఆ తర్వాతి రోజు పంపు పక్కన కూడా లేదు. పెద్ద రాయి కింద, చెయ్యి పట్టని సందులో, తోక చివర మాత్రం కనిపించింది. దాన్ని నీటి పోటు అటూ ఇటూ ఊపుతోంది. అది ఈదడమా ఊగడమా అని ఆమె చాలాసేపు చూసింది. ఊగడమే.

ఆదివారం మరిది, ఆడపడుచు కలిసి వచ్చారు. మరిది చొక్కా చేతులు పైకి మడిచి తొట్టి ముందుకి వచ్చేసరికి, ఎర్రగా నీలంగా మెరిసిపోతూ ఒక చేప ఎదురొచ్చింది, వచ్చినవాళ్ళని పలకరిస్తున్నట్టు. అచ్చం పెళ్ళికొడుకే. ఆడపడుచు ముక్కు మీద వేలేసుకుంది. తమ్ముడు పోయాక ఆ ఇంట్లో అంత కళగా ఉన్నదాన్ని ఆవిడ చూడలేదు. ఆమె జరిగిందంతా తక్కువ మాటల్లో చెప్పింది. మగది ఎలా పోయిందీ, ఆడది ఎలా మారిందీ.

"చూశావా" అంది ఆడపడుచు, నవ్వాలో నిట్టూర్చాలో తేల్చుకోలేక. "చేపలే నయమే అమ్మాయ్. మగదిక్కు పోతే వాటిలోంచే ఒకదాన్ని చేసుకున్నాయి. మనకా రాత లేదు."

మరిది నవ్వాడు. ఆమెకి కోపం రాలేదు. ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. ఆ చోటు ఖాళీ లేకుండా నిండిపోయింది, అంతే. చోటు నిండగానే పోయినవాడు పోయినట్టయ్యింది. తొట్టిలో ఇప్పుడు ఎవరూ ఎవరి కోసమూ ఎదురు చూడటం లేదు.

మగది ఒక్కటే మిగిలింది కాబట్టి పట్టే పని తప్పిందని మరిది చేతులు దించుకున్నాడు. మరి చచ్చినదేదని అడిగాడు. ఆమె రాయి వైపు చూపించింది. ఆయన వంగి చూసి, కొట్టాయనకి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆ తర్వాత తనే రాయి ఒక పక్క ఎత్తి, కింద చిన్న రాయి ఆనించి, సందు చెయ్యి పట్టేలా చేశాడు. తను తియ్యలేనన్నాడు, చచ్చినవి ముట్టుకోవడం ఆయనకి చిన్నప్పట్నుంచీ గిట్టదు.

"ఇవాళే తీసెయ్యి వదినా. లేకపోతే నీళ్ళు చెడిపోయి మిగతావి కూడా పోతాయిట. చెయ్యి పెడితే అందుతుంది."

"తీస్తాలే" అంది ఆమె.

వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె పాత పళ్ళెం ఒకటి తెచ్చి తొట్టి పక్కన పెట్టుకుంది. చేతి బంగారు గాజులు తీసి గూట్లో పెట్టింది. వల మూత ఒక పక్క విప్పి, భుజం దాకా చేయి నీళ్ళలోకి దించింది. సందులో వేళ్ళకి అది తగిలింది. మెత్తగా, బరువు లేకుండా ఉంది. ఎర్రటి చేప వచ్చి ఆమె మణికట్టు చుట్టూ తిరిగి, వేళ్ళ వైపు చూసింది, ఏమైనా పెడుతుందేమోనని.

ఆమె వేళ్ళు మూయలేదు. మెల్లగా చేయి పైకి తీసుకుంది. మోచేతి నుంచి కారుతున్న నీళ్ళు నేల మీద పడుతుంటే తుడుచుకుని, వల మూత మళ్ళీ చుట్టూ బిగించింది. పళ్ళెం తీసుకెళ్ళి వంటగదిలో కడగకుండానే బోర్లించింది. నీళ్ళు చెడిపోతాయని తెలిసే, పెద్దావిడని ఆ రాయి కిందే ఉండనిచ్చింది.